డీమన్ స్లేయర్ ముగింపు సినిమాలు: సిరీస్ మొత్తం చూడాలా, దగ్గరి దారి ఉందా, మాంగా చదివేయాలా?

‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ మొదటి భాగం 2025 సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైంది. జపనీస్, ఇంగ్లీష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. అంతకుముందు ఏ జపనీస్ యానిమేషన్‌కూ మన దగ్గర రానంత జనం వచ్చారు. ఇది మూడు సినిమాల వరుసలో మొదటిది. మూడూ కలిస్తే, రాక్షసులను వేటాడే కుర్రాడు తాంజిరో కథ ముగుస్తుంది. అప్పటి నుంచి ఈ సిరీస్ గురించి తెలిసినవాళ్లను బంధువులు, స్నేహితులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటున్నాయి. ముందు కథ చూడకుండా నేరుగా సినిమాకు వెళ్తే అర్థమవుతుందా? ఎపిసోడ్లన్నీ చూడటానికి తీరిక లేదు, ఏవి చూస్తే సరిపోతుంది? తెలుగులో చూడాలా, జపనీస్‌లోనా? మూడు భాగాలూ వచ్చేదాకా ఆగలేం, ఈ కథకు మూలమైన జపనీస్ బొమ్మల కథ, అదే మాంగా, చదివేస్తే ఏం పోతుంది?

ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. ఒక్క విషయం మాత్రం అందరికీ వర్తిస్తుంది. అకాజా అనే రాక్షసుడు ఎవరో తెలియకుండా ఈ సినిమాకు వెళ్లకండి. ఈ సలహాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ఎవరు చనిపోతారు, ఎవరు బతుకుతారు అన్నది ఎక్కడా చెప్పను, ధైర్యంగా చదవొచ్చు.

ముందు, కొలతలు

కోయోహారు గోతోగే గీసిన మాంగా 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వచ్చింది. 205 అధ్యాయాలు, 23 సంపుటాలు. ఇంత పేరున్న మాంగాకు ఇది చిన్న నిడివే. ఆదరణ పతాక స్థాయిలో ఉండగానే, సాగదీయకుండా కథ ముగించారు. ఆ నిగ్రహం వల్లే ముగింపును మూడు సినిమాలుగా తీయడం వీలైందని నా నమ్మకం.

తెర మీద లెక్క ఇలా ఉంటుంది. యూఫోటేబుల్ స్టూడియో, దర్శకుడు హరువో సోతోజాకి. 2019లో మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు. 2020 అక్టోబరులో ‘ముగెన్ ట్రైన్’ సినిమా. దాన్నే 2021లో టీవీకి 7 ఎపిసోడ్లుగా మలిచారు. ఆ తర్వాతి సీజన్లు ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ 11, 2023లో స్వోర్డ్‌స్మిత్ విలేజ్ 11, 2024లో హషీరా ట్రైనింగ్ 8. మొత్తం 63. ఒక్కోటి ఇరవై నాలుగు నిమిషాలనుకున్నా ఇరవై ఐదు గంటల పైమాటే. 2024 జూన్‌లో హషీరా ట్రైనింగ్ చివరి ఎపిసోడ్ పూర్తవగానే, మిగతా కథ టీవీలో కాదు, మూడు సినిమాలుగా వస్తుందని ప్రకటించారు.

టీవీ సీజన్ ఆగిన క్షణానికి ఆనుకునే మొదటి సినిమా మొదలవుతుంది. నిడివి 155 నిమిషాలు. ‘గత కథ’ అంటూ కూర్చోబెట్టి చెప్పే ఓపిక దానికి లేదు. కాళ్ల కింద నేల తెరుచుకుంటుంది, రాక్షసులను వేటాడే దళం మొత్తం ఇన్ఫినిటీ క్యాసిల్ అనే రాక్షసుల కోటలోకి జారిపోతుంది. మనమూ వాళ్లతో పాటే.

నేరుగా సినిమాకు వెళ్తే?

కథ అర్థం కాకపోవడం పెద్ద సమస్య కాదు. మంచివాళ్లు ఎవరు, రాక్షసులు ఎవరు అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కత్తియుద్ధాలు కళ్లు తిప్పుకోనివ్వవు. ఫ్రెండ్స్ గ్యాంగ్‌తో వెళ్లి, ఒక సాయంత్రం హాయిగా గడిపి వచ్చేయాలంటే అది చాలు. అలా వెళ్లి ఆనందించినవాళ్లూ ఉన్నారు.

సమస్య మరోచోట ఉంది. ఈ సినిమా మూడు పోరాటాల చుట్టూ తిరుగుతుంది. దోమాతో షినోబు, కైగాకుతో జెనిత్సు, అకాజాతో తాంజిరో, గియూ. ముందు పేరు రాక్షసుడిది, తర్వాతివి దళంవాళ్లవి. మూడింట్లోనూ గెలుపోటముల కంటే పాత లెక్కలే ముఖ్యం. షినోబు ఎప్పుడూ ఎందుకు నవ్వుతూ ఉంటుందో తెలిస్తేనే, ఆ నవ్వు ఆగిపోయిన క్షణం గుండెకు తగులుతుంది. జెనిత్సు వణుకుతూ, ఏడుస్తూ, పారిపోతూ ఉండే మనిషని తెలిస్తేనే, ఇక్కడ అతని నిశ్శబ్దం చూసి ఆశ్చర్యపోతాం. ఆ నేపథ్యం లేకుండా చూస్తే, పోరాటం మధ్యలో వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లు అడ్డంకుల్లా అనిపిస్తాయి. “ఫైట్ బాగుంది, మధ్యలో ఆపి కథలు చెప్పారు” అనే ఫిర్యాదు చాలామంది నోట విన్నాను. తెలిసినవాళ్లకు కన్నీళ్లు తెప్పించిన ఘట్టాలూ అవే. అందుకే కనీసం కొంతైనా చూసి వెళ్లమంటున్నాను.

63 ఎపిసోడ్లా, దగ్గరి దారా?

సమయం ఉంటే మొత్తం చూడండి. నెల రోజుల పాటు రోజుకు రెండు ఎపిసోడ్లు చాలు, రాత్రి భోజనాల తర్వాత కూర్చుంటే అయిపోతుంది. ఒక్క వారాంతంలో గబగబా మింగేసే సిరీస్ కాదిది. వరుసగా పది చూస్తే తాంజిరో కేకలు, జెనిత్సు ఏడుపులు విసుగు పుట్టించే ప్రమాదం నిజంగానే ఉంది.

అంత సమయం లేనివాళ్లకు నేను చెప్పే దగ్గరి దారి ఇది.

మొదటి సీజన్‌లో 1 నుంచి 5 దాకా వదలకండి. బొగ్గులు అమ్ముకునే ఇంటి పిల్లాడు తాంజిరో మంచు కొండ దిగి ఊళ్లోకి వెళ్లి, తిరిగి వచ్చేసరికి ఇంట్లో జరిగిపోయిన ఘోరం, రాక్షసిగా మారిన చెల్లెలు నెజుకో, వాళ్లకు అడ్డుపడ్డ గియూ. తొలి ఎపిసోడ్‌లో గియూ ముందు తాంజిరో మంచులో సాష్టాంగపడి చెల్లెల్ని వదిలేయమని వేడుకుంటాడు. గియూ జాలిపడడు, గట్టిగా కసురుతాడు. ప్రాణాలు తీసే హక్కు, నిలిపే హక్కు ఎదుటివాడి చేతిలో పెట్టవద్దంటాడు. ఇన్ఫినిటీ క్యాసిల్‌లో ఈ ఇద్దరూ పక్కపక్కన నిలబడి పోరాడుతుంటే, నాకు పదే పదే ఆ మంచు కళ్లముందు మెదిలింది. ఆ ఒక్క ఎపిసోడ్ చూడకపోతే సినిమాలో సగం పోయినట్టే.

ఆ తర్వాత 7, 8 చూడండి. అసాకుసా వీధిలో, రాక్షసులందరికీ మూలమైన ముజాన్ మొదటిసారి కనిపించేది అక్కడే. జెనిత్సు, ఇనోసుకే పరిచయాల కోసం 11 నుంచి 14. నతగుమో కొండ ఘట్టంలో 17, 19 తప్పనిసరి. 17వ ఎపిసోడ్‌లో జెనిత్సు గురువు, అతని దగ్గరే నేర్చుకున్న మరో శిష్యుడి నీడ కనిపిస్తాయి. ఆ నీడ సినిమాలో మనిషై ఎదురొస్తుంది. 19వది ఈ సిరీస్‌ను ప్రపంచమంతటికీ పరిచయం చేసిన ఎపిసోడ్, ఎందుకన్నది చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత 22 నుంచి 26 దాకా. దళంలో అందరికంటే గొప్ప యోధులైన తొమ్మిదిమంది హషీరాలు ఒకచోట చేరడం, సీతాకోకచిలుకల భవనం, షినోబు తన మనసులో మాట తాంజిరోతో చెప్పుకోవడం, అన్నీ ఇక్కడే ఉన్నాయి. 26వ ఎపిసోడ్‌లోనైతే ఆ కోటే కనిపిస్తుంది. మెట్లు తలకిందులుగా, గదులు పక్కకు, ఒక స్త్రీ బీవా వాయిద్యం మీటగానే అంతా కదిలిపోతుంది.

తర్వాత ముగెన్ ట్రైన్ మొత్తం. దాని గురించి కింద విడిగా చెబుతాను.

ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ పూర్తిగా దాటేసినా సినిమా అర్థమవుతుంది. అయినా పోరాటాల చిత్రణలో టీవీ సిరీస్ శిఖరం అదే. చివరి ఎపిసోడ్‌లో గ్యుతారో, దాకి అనే రాక్షస అన్నాచెల్లెళ్ల గతం ఉంది. రాక్షసులను చూసి జాలిపడటం ఈ కథ మనకు నేర్పేది అక్కడే. స్వోర్డ్‌స్మిత్ విలేజ్‌లో మొదటిది, చివరిది చాలు. ముజాన్ కింద అందరికంటే బలవంతులైన అప్పర్ మూన్ రాక్షసులంతా కోటలో సమావేశమయ్యే మొదటి ఎపిసోడ్‌లో అకాజా, దోమాల మధ్య వైరం కళ్లకు కడుతుంది. చివరి ఎపిసోడ్‌లో నెజుకోకు జరిగేది తెలియకపోతే ముజాన్ ఎందుకంత తహతహలాడుతున్నాడో తెలియదు. మధ్యలో ఉన్న తొమ్మిది ఎపిసోడ్లను తొందరలో ఉన్నవాళ్లు వదిలేయొచ్చు.

హషీరా ట్రైనింగ్‌ను చాలామంది ‘ఏమీ జరగని సీజన్’ అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఎనిమిదే కాబట్టి మొత్తం చూడమంటాను. కుదరకపోతే రెండోది, చివరి రెండు తప్పక చూడండి. రెండోదాంట్లో గియూ ఎవరితోనూ కలవకుండా ఎందుకుంటాడో తెలుస్తుంది. పలకని మనిషిని పలికించడానికి తాంజిరో సోబా తినే పోటీ పెడతాడు. ఇద్దరూ గిన్నెల మీద గిన్నెలు ఖాళీ చేస్తుంటారు. నవ్వు తెప్పించే ఆ చిన్న సన్నివేశమే సినిమాలో వాళ్ల జంట పోరాటానికి పునాది. సీజన్ చివర్లో జెనిత్సుకు ఒక ఉత్తరం వస్తుంది. అందులో ఏముందో చూపించరు, అతని ముఖం మారిపోవడం మాత్రం చూపిస్తారు. ఆ ముఖం గుర్తుపెట్టుకుని హాల్లోకి వెళ్లండి.

ఈ దారిలో వెళ్తే మొత్తం ఇరవై మూడు ఎపిసోడ్లు (హషీరా ట్రైనింగ్ అంతా చూస్తే ఇరవై ఎనిమిది), ఒక సినిమా. రెండు వారాంతాల పని. మొత్తం చూసినవాళ్లకు దక్కేదంతా దక్కదు గానీ, హాల్లో పక్కవాళ్లు ఎందుకు ఏడుస్తున్నారో అడగాల్సిన అవసరం రాదు.

ముగెన్ ట్రైన్: సినిమానా, టీవీ రూపమా?

సినిమానే. రెండో ఆలోచన వద్దు.

2020లో జపాన్‌లో కరోనా భయం మధ్య విడుదలై, 2001 నుంచి ‘స్పిరిటెడ్ అవే’ పేరిట ఉన్న అక్కడి వసూళ్ల రికార్డును దాటేసిన సినిమా ఇది. జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్‌లకు పైగా వచ్చాయి. దాని 117 నిమిషాలూ ఒకే ఊపిరిలో సాగడం కోసం తీసినవి. టీవీ రూపంలో ఆ ఊపిరిని ప్రతి ఇరవై నిమిషాలకూ ఒకసారి కోశారు. ఏడింటిలో మొదటి ఎపిసోడ్ మాత్రం కొత్తది. రైలెక్కకముందు హషీరాల్లో ఒకడైన రెంగోకు ఒంటరిగా చేసిన పని అందులో ఉంది. రెంగోకు మీకు బాగా నచ్చితే, సినిమా అయ్యాక ఆ ఒక్కటి విడిగా చూడండి. ముందు మాత్రం వద్దు.

మొదట్లో అకాజా గురించి ఎందుకంత గట్టిగా చెప్పానో ఈ సినిమా చివరి అరగంటలో తెలుస్తుంది. పట్టాలు తప్పిన రైలు పక్కన, తెల్లవారుతుండగా, అతను దిగుతాడు. రెంగోకుతో మాట్లాడతాడు, రాక్షసుడిగా మారమని పిలుస్తాడు. ఆ తర్వాత జరిగేదాని మీద తాంజిరో అరిచిన అరుపు ఇన్ఫినిటీ క్యాసిల్ దాకా వినిపిస్తూనే ఉంటుంది. జపాన్‌లో మొదటి భాగానికి ఉపశీర్షికే ‘అకాజా తిరిగి రాక’ అన్న అర్థంలో పెట్టారు. మీకు ఒక్క రాత్రే సమయం ఉంటే, మొదటి సీజన్ తొలి ఎపిసోడ్, ఈ సినిమా, ఈ రెండూ చూసి వెళ్లండి.

తెలుగా, జపనీసా?

దీని మీద అభిమానులు గొడవపడేంత అవసరం లేదనుకుంటాను. ఎవరితో కలిసి చూస్తున్నారన్నదాన్ని బట్టి నిర్ణయించుకోండి.

థియేటర్లో జపనీస్ ప్రింటుకు కింద వచ్చేది ఇంగ్లీష్ సబ్‌టైటిల్. పెద్దవాళ్లు, చదువుకునే వయసు పిల్లలు, ఇంగ్లీష్ వేగంగా చదవలేనివాళ్లు మీతో ఉంటే తెలుగు ప్రింటుకే వెళ్లండి. ఈ సినిమాలో పాత్రలు పోరాడుతూనే మనసులో మాట్లాడుకుంటాయి, అదీ చాలా ఎక్కువగా. రెండు పంక్తుల సబ్‌టైటిల్ చదివి తల ఎత్తేసరికి కత్తి దెబ్బ అయిపోయి ఉంటుంది. తాంజిరో కత్తి వెంట నీళ్లు పాత జపాన్ చెక్క అచ్చుల బొమ్మల్లోని అలల్లా ఎగసిపడతాయి. ఆ గీత, ఆ రంగు చూడటానికే కదా టికెట్టు కొన్నది! కళ్లను తెరకే వదిలేయగలగడం తెలుగు డబ్బింగ్‌తో వచ్చే పెద్ద లాభం.

మీరొక్కరే వెళ్తున్నా, సబ్‌టైటిళ్లు అలవాటున్నవాళ్లతో వెళ్తున్నా జపనీస్ ఎంచుకోండి. కారణం గొంతులు. తాంజిరోకు నత్సుకి హనాయే, జెనిత్సుకు హీరో షిమోనో, షినోబుకు సావోరి హయామి 2019 నుంచి ఆ పాత్రలతోనే ఉన్నారు. అకాజాకు అకిరా ఇషిదా, దోమాకు మమోరు మియానో. ఇషిదా అకాజాను అరిచి భయపెట్టడు. ముందు ముచ్చట పడుతున్నట్టు మాట్లాడతాడు, అతని గతం విప్పే ఘట్టంలో అదే గొంతు పూర్తిగా వేరే మనిషిదవుతుంది. దోమా నవ్వుతూ చెప్పే మాటల్లో ఉన్న ఖాళీ వినాలంటే మియానో గొంతే వినాలి.

సిరీస్‌ను ఏ భాషలో చూశారో సినిమానూ ఆ భాషలోనే చూడటం మేలని చాలామంది అంటారు, అదీ సరైన మాటే. గొంతులకు అలవాటు పడతాం కాబట్టి. ఇంట్లో సిరీస్ మొదలుపెట్టే ముందు ఆడియో మెనూ తెరిచి, మీరు చూడబోయే సీజన్లన్నింటికీ మీకు కావాల్సిన భాష ఉందో లేదో చూసుకోండి. సగంలో గొంతులు మారితే చిరాకు.

రెండుసార్లు చూసే వీలుంటే మొదట తెలుగు, తర్వాత జపనీస్. ఈ వరుస తిరగేయొద్దు. కథ తెలిశాక సబ్‌టైటిల్ మీద దృష్టి పెద్దగా అవసరం ఉండదు, గొంతులు వినొచ్చు.

పెద్ద తెరా, ఇంట్లో టీవీనా?

ముగెన్ ట్రైన్ ఇంట్లో చూసినా నష్టం కొంతే. ఇన్ఫినిటీ క్యాసిల్ మాత్రం థియేటర్ కోసం పుట్టింది. ఆ కోటకు పైకప్పు, నేల అన్న తేడా లేదు. ఆ బీవా వాయించే రాక్షసి నకిమే తీగ ఒక్కసారి మీటుతుంది, తలుపులు జరుగుతాయి, కారిడార్లు మడతపడతాయి, దీపాలు వెలిగిన వేల కిటికీలు కిందకూ పైకీ కదిలిపోతాయి. మంచి సౌండ్ ఉన్న హాల్లో ఆ తీగ చప్పుడు మన వెనక నుంచి వచ్చి ముందుకు వెళ్తుంది. యుకి కజియురా, గో షియినాల సంగీతం కూడా ఆ స్థాయి స్పీకర్లలోనే పూర్తిగా విచ్చుకుంటుంది. రెండో, మూడో భాగాలకు ఎక్కడ డబ్బు ఖర్చుపెట్టాలని అడిగితే, తెర సైజు కంటే ముందు సౌండ్ మీద పెట్టమంటాను. మంచి డాల్బీ అట్మాస్ సౌండ్ ఉన్న మామూలు హాలు, సౌండ్ సరిగా లేని పెద్ద తెర కంటే నయం.

ఐమ్యాక్స్ గురించి ఒక మాట. హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలామంది నెక్లెస్ రోడ్ ప్రసాద్స్‌ను ‘ఐమ్యాక్స్’ అనే పిలుస్తారు. అది ఐమ్యాక్స్ పేరు వదిలేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అక్కడున్న పెద్ద తెర పేరు పీసీఎక్స్. అది చాలా పెద్ద తెరే, ఈ సినిమాకు బాగా సరిపోతుంది కూడా. అసలైన ఐమ్యాక్స్‌లోనే చూడాలని బెంగళూరు, చెన్నై దాకా ప్రయాణం కట్టడం నా లెక్కలో దండగ. అక్కడే ఉంటున్నవాళ్లయితే వదులుకోవద్దు. ఏ హాల్లోనైనా మరీ ముందు వరుసలు మాత్రం తీసుకోకండి. కోట గిర్రున తిరిగే దృశ్యాల్లో తల తిరుగుతుంది. మధ్యకు కాస్త వెనక, నడిమి సీట్లు మంచివి.

ఇంట్లో చూసేవాళ్లు టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ ఆపేయండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, పిక్చర్ మెనూలో ఉంటుంది. ఈ బొమ్మలు సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసినవి. లేని ఫ్రేములను టీవీ మధ్యలో కల్పిస్తే కత్తి వేటు పదును పోయి, గీతలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. గదిలో లైటు తీసేయండి, సగం సినిమా చీకట్లోనే ఉంది.

హాల్లో దొంగతనంగా తీసిన కాపీ ఫోన్లో చూస్తామంటే మాత్రం, దయచేసి ఆగండి. చిత్రకారులు ఏళ్ల తరబడి గీసిన రంగుల్లో ఒక్కటీ అందులో మిగలదు.

మాంగా ఇప్పుడే చదివేయాలా?

ఇదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న.

మొదటి సినిమా కథ మాంగా 16వ సంపుటిలో మొదలై దాదాపు 18వ సంపుటి మధ్యకు ముగుస్తుంది. ఆ తర్వాతిదంతా, అంటే 18 చివరి భాగం నుంచి 23 దాకా, మిగిలిన రెండు సినిమాల సరుకు. ఐదున్నర సంపుటాలు రెండు మూడు రోజుల్లో చదివేయొచ్చు. విజ్ మీడియా ఇంగ్లీష్ అనువాదం మన పుస్తకాల షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది, వాళ్ల షోనెన్ జంప్ యాప్‌లోనూ ఉంది. ముగింపు ఏళ్ల క్రితమే అచ్చయింది, దాచిపెట్టినది ఏమీ లేదు.

చదవడానికి బలమైన కారణం గోతోగే గీత. మొదటి సంపుటాల్లో అది తడబడే గీతే. శరీరాల కొలతలు కుదరవు, పోరాటంలో ఎవరు ఎటు దూకారో రెండుసార్లు చూస్తే గానీ అంతుపట్టదు. ముఖాలు మాత్రం మొదటి నుంచీ ఆ చేతికి లొంగాయి. అకాజా గతం వచ్చే పేజీలను పక్కన పెట్టుకుని సినిమా చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సినిమా ఆ కథకు సమయమిచ్చింది, వెలుగు, బాణసంచా, సంగీతం అన్నీ ఇచ్చింది. మాంగాలో కొన్ని గడుల్లోనే అయిపోతుంది. మాట తక్కువ, ఖాళీ ఎక్కువ. పేజీ తిప్పిన చేయి కాసేపు అక్కడే ఆగిపోతుంది. నాకు రెండూ కావాలి, ఒకదాన్ని ఇంకోటి చెరిపేయదు. పైగా సంపుటాల్లో అధ్యాయాల మధ్య గోతోగే పాత్రల గురించి రాసిన చిన్న చిన్న ముచ్చట్లు ఉంటాయి, 23వ సంపుటిలో పత్రికలో రాని అదనపు పేజీలున్నాయి. అవి పుస్తకంలోనే దొరుకుతాయి.

ఆగడానికి కారణం పోరాటాలే. రాబోయే భాగాల్లో ఈ కథలోకెల్లా పెద్ద యుద్ధాలున్నాయి. నలుపు తెలుపు గడుల్లో వాటి ఆకారం మాత్రమే అందుతుంది. ఒక్క అధ్యాయాన్ని యూఫోటేబుల్ ఏ ఎత్తుకు తీసుకెళ్లగలదో 19వ ఎపిసోడ్ చూసినవాళ్లకు తెలుసు. అక్కడి మాంగా పేజీలు బాగుంటాయి, తెర మీద మాత్రం ఒళ్లు గగుర్పొడుస్తుంది. రాబోయేవి అదే చేతుల్లో ఉన్నాయి.

నా సలహా రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా ఉంటుంది. ఫోన్ తెరిస్తే చాలు షార్ట్‌లు, థంబ్‌నెయిళ్లు ముగింపును ముఖాన కొట్టే పరిస్థితిలో మీరుంటే, ఇంకొకరి నోట ముక్కలుగా వినేకంటే గోతోగే చేతి మీదుగానే తెలుసుకోండి. 18వ సంపుటి మొదటి నుంచి మొదలుపెట్టండి, సినిమాలో చూసిన కొన్ని అధ్యాయాలు మళ్లీ వస్తాయి, వాటిని దాటేయకండి. రోజుకు ఒక సంపుటికి మించకుండా చదవండి. చివరి రెండు సంపుటాలు మాత్రం మధ్యలో ఆపలేరు, సెలవు రోజుకు ఉంచుకోండి.

మీరు ఓపికగలవారై, ఇప్పటిదాకా ముగింపు చెవిన పడకుండా కాపాడుకున్నట్టయితే, ఆగండి. తర్వాతి భాగం మీ ఊరికి వచ్చేదాకా కావాలంటే 16, 17, 18 మధ్య దాకా చదువుకోండి. చూసేసిన కథే కాబట్టి ఏదీ బయటపడదు, దాహమూ కొంత తీరుతుంది. ప్రతి సినిమా అయ్యాక దాని సంపుటాలు చదవడం, అంతకుముందు కాదు. నాకు తెలిసినవాళ్లలో ఈ పద్ధతి పాటించినవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. ఈ కథలో ‘ఎవరు గెలిచారు’ అన్నది తెలిసిపోయినా పెద్ద నష్టం లేదు. ఒక రాక్షసుడు మనిషిగా ఉన్నప్పుడు ఎవరిని ప్రేమించాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్నది తెలియకుండా వెళ్లి తెర మీద మొదటిసారి చూడటం మాత్రం మళ్లీ రాని అనుభవం.

ఇంగ్లీష్‌లో చదవడం కష్టమనుకునేవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. తెలుగు ఆడియోతో సినిమాల కోసం ఆగండి.

పిల్లల్ని తీసుకెళ్లాలా?

‘బొమ్మల సినిమా కదా’ అని చిన్నపిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులతో గట్టిగానే చెప్పాలి. తలలు తెగుతాయి, రక్తం ధారలు కడుతుంది, పిల్లలు చనిపోతారు. తొలి ఎపిసోడ్ మొదలే ఒక కుటుంబం హత్య. అమెరికాలో ముగెన్ ట్రైన్‌కూ ఇన్ఫినిటీ క్యాసిల్‌కూ ‘ఆర్’ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లు తోడుంటేనే లోపలికి వెళ్లాలి. అక్కడున్న తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఒంటరిగా హాలు దగ్గర దింపేసి వెళ్లే ఆలోచన మానుకోవాలి. ఇక్కడైతే టికెట్ బుక్ చేసే ముందు సెన్సార్ సర్టిఫికెట్ ఒకసారి చూసుకోండి.

నా అంచనాలో పన్నెండు, పదమూడేళ్లలోపు వాళ్లకు వద్దు. ఆ పైవాళ్లకు ముందు ఇంట్లో మొదటి సీజన్ తొలి ఎపిసోడ్ పక్కన కూర్చుని చూపించండి. రాత్రి నిద్రపోగలిగితే, మర్నాడు నెజుకో గురించి అడిగితే, వాళ్లు సిద్ధంగా ఉన్నట్టే. ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ సీజన్ యోషివారా వేశ్యావాటిక నేపథ్యంలో నడుస్తుందని కూడా ముందే తెలుసుకుని ఉండండి. అసభ్యంగా ఏమీ చూపించరు, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, అంతే.

కాస్త పెద్ద పిల్లలు చూడదగ్గ విషయం కూడా ఇందులోనే ఉంది. తాంజిరో శత్రువును చంపాక అతని చేయి పట్టుకుంటాడు. దుమ్ములో కలిసిపోతున్న రాక్షసుడి బట్టల మీద కాలు పెట్టినవాళ్లను వారిస్తాడు. నా ఇంట్లో పదో తరగతి చదివే మేనకోడలు మొదటి సీజన్‌లో ఆ ఘట్టం దగ్గర ఆపమని అడిగి, వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఇన్ఫినిటీ క్యాసిల్‌కు తనను తెలుగు ప్రింటుకే తీసుకెళ్లాను. తర్వాతి భాగం జపనీస్‌లో చూస్తానని ఇప్పటికే పట్టుబట్టి కూర్చుంది, 17వ సంపుటి దాకా చదివి పుస్తకం నాకు తిరిగిచ్చేసింది.